గురువారపు వాన

పోయినవారం మనం ఆ అమ్మాయిని పప్పుగిన్నె ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, చేతిలో గరిటతో వారం రోజులుగా అలాగే నిలబడి ఉంది. మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. గుర్తున్నవాళ్ళు ఈలోపు టీ పెట్టుకుని రండి.

నలుగురు ఆడపిల్లలు అద్దెకుండే మేడమీద వాటా అది. గదులు నాలుగు, వంటిల్లు ఒక్కటే. మన అమ్మాయి చదివేది పళ్ళ డాక్టర్లకి అచ్చులు పోసిచ్చే చదువు. ఆమె రాకముందు ఆ వంటింట్లో నాలుగు గిన్నెలు, నాలుగు ఉప్పు డబ్బాలు, నాలుగు అలమరాలకి నాలుగు తాళాలు. ఒకరి గిన్నె దిగితే గానీ ఇంకొకరి గిన్నె ఎక్కేది కాదు. ఈమె వచ్చి, అందరికీ నచ్చజెప్పి, తాళాలు తీయించింది. నలుగురూ సమానంగా డబ్బులు వేసుకోవడం, ఒకే గిన్నెలో వండుకోవడం. గోడకున్న మేకుకి ఒక గరిట వేలాడదీశారు. అది ఎవరి చేతిలో ఉంటే ఆ నెల వంటింటి పెత్తనం వాళ్ళది. నెలకొకరికి మారాల్సిన గరిట ఈమె చేతికొచ్చాక మళ్ళీ మారలేదు. దాంతో గరిటమ్మ అన్న పేరు ఖాయమైపోయింది.

ఎందుకు మారలేదంటే, ఈమె చేయి పడ్డాక బియ్యం డబ్బా, పప్పు డబ్బా తరగడం మానేశాయి. నిజం! రోజూ తీస్తూనే ఉంటారు, చూస్తే ఇంకా సగం పైనే ఉంటుంది. అదంతా తన కొలత మహిమేనని గరిటమ్మ నమ్మింది. అచ్చు పోసేటప్పుడు పొడి ఇంత, నీళ్ళు ఇంత అని పిసరు తేడా లేకుండా కొలిచే చేయి కదా ఆమెది. పప్పు ముందే నానబెడితే పెరుగుతుందని, పెరిగిందాంట్లో మిగులుతుందని మిగతా ముగ్గురికీ పాఠాలు కూడా చెప్పింది. నాలుగు నెలలు తిరిగేసరికి ఒక్కొక్కరి వంతు సగానికి సగం తగ్గింది. ఫిడేలు నేర్చుకునే అమ్మాయి కొత్త తీగలు కొనుక్కుంది. నర్సు ట్రైనింగు అమ్మాయి అరిగిపోయిన బూట్లు మార్చింది. గరిటమ్మ మాత్రం అక్కకి రాసింది: "నువ్వు పంపేదాంట్లో సగం చాలే అక్కా. మా డబ్బా తరగదు."

ఆ అక్క సంగతి తెలిస్తే గానీ ఈ మాట బరువు తెలియదు. వేరే ఊళ్ళో, పాత బట్టలు సరిచేసే కొట్లో, పదకొండేళ్ళుగా జిప్పులు మార్చడం, అంచులు మడిచి కుట్టడం ఆమె పని. కత్తిరింపు నేర్చుకోవాలని ఆమె కోరిక. "ఎవరో కత్తిరించింది నేను కుట్టడమే గానీ, ఒక్కసారైనా కొత్త తాను మీద నా కత్తెర పడలేదే" అనేది. ఆ కోర్సు ఫీజూ, చెల్లెలి ఖర్చూ రెండూ ఒక్క చేతిమీద నడవవు. అందుకే చెల్లెలు సగం చాలు అన్న మర్నాడే దరఖాస్తు పెట్టేసింది. ఫీజు కట్టడానికి ఈ గురువారమే ఆఖరు.

ఇక బుధవారం రాత్రి భోజనాల దగ్గర ఏమైంది? పప్పులో సగం గింజలు మెత్తగా కలిసిపోయాయి, సగం గింజలు గట్టిగా అడుగున కూర్చున్నాయి. నర్సు ట్రైనింగు అమ్మాయి పంటి కింద ఒకటి కటుక్కుమంది. వంట తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, కొత్త పప్పూ ఏళ్ళనాటి పాత పప్పూ ఒకే గిన్నెలో పడితేనే అలా అవుతుంది. గరిటమ్మ కొన్నది ఒకే కొట్లో, ఒకే బస్తాలోది. మరి రెండోది ఎక్కడిది?

అక్కడే మనం ఆపింది.

ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదనుకుంటున్నారేమో. హాయిగా పట్టింది. ఆ వయసులో దిగులుకి నిద్రని ఆపేంత బలం ఉండదు, కలల్లోకి మాత్రం దూరుతుంది. కలలో అక్క పొడవాటి తెల్లగుడ్డ తానొకటి వీధి పొడుగునా పరుస్తోంది. పరిచేకొద్దీ తాను విప్పుకుంటోంది, వీధి పెరుగుతోంది. ఇళ్ళూ, కిటికీలూ, సైకిళ్ళూ అన్నీ పక్కకి జరిగి దారి ఇస్తున్నాయి. అక్క చేతిలో కత్తెర ఉంది. "ఎక్కడ కత్తిరించనే?" అని అడుగుతోంది. చెల్లెలు చెప్పబోయేలోగా వాన మొదలైంది. తడపని వాన. గలగలమని చప్పుడే గానీ గుడ్డ మీద చుక్క పడలేదు.

మెలకువ వచ్చింది. వాన చప్పుడు మాత్రం ఆగలేదు.

ఈ వాన ఆమెకి కొత్త కాదు. ప్రతి గురువారం తెల్లవారుతుండగా సగం నిద్రలో ఈ చప్పుడు వినబడేది. అయ్యో బట్టలు తడుస్తాయని లేచి, కళ్ళు నులుముకుంటూ బాల్కనీలోకి పరిగెత్తేది. బట్టలు కులాసాగా ఎండి ఉండేవి, వీధి పొడిగా ఉండేది, పాలబండివాడు ఈమె వంక వింతగా చూసేవాడు. కల కాబోలు అనుకుని మళ్ళీ వచ్చి పడుకునేది. గురువారాలకీ వానకీ ఉన్న సంబంధం ఏమిటని ఒక్కనాడూ అనుకోలేదు. చదువుకున్నవాళ్ళం కదా, ఇలాంటివి పట్టించుకోం!

ఇవాళ బాల్కనీ వైపు వెళ్ళలేదు. పంటి కింద కటుక్కుమన్న గింజ ఇంకా బుర్రలోనే ఉంది. చెప్పులు వేసుకోకుండా, గోడ పట్టుకుని, వంటింటి వైపు నడిచింది.

వంటింటి కిటికీలోంచి నీలం వెలుగు అప్పుడే లోపలికి వస్తోంది. పంపు కింద బోర్లించిన కంచాలు, తీగ మీద తడిగుడ్డ, మేకుకి గరిట, అన్నీ ఇంకా నిద్రలో ఉన్నట్టున్నాయి. ఆ వెలుగులో ఒక మనిషి పప్పు డబ్బా మీదకి వంగి, కాగితం సంచీ ఒకటి నెమ్మదిగా వంచుతోంది. ఎర్రపప్పు గలగలమంటూ డబ్బాలోకి జారుతోంది.

అదీ గురువారపు వాన.

ఆ మనిషి గింజలక్క. చివరి గదిలో ఉండే నాలుగో మనిషి. ముప్పై దాటింది, ఆరేళ్ళుగా పరిశోధన అంటోంది, ఖర్చుల కోసం ధాన్యం పరీక్షించే కేంద్రంలో పని చేస్తోంది. తెల్లకాగితం మీద గింజలు పోసి, భూతద్దం పెట్టి, పట్టకారుతో ఒక్కొక్కటీ పక్కకి తీసి లెక్కపెట్టడం ఆ పని. మాట్లాడేది తక్కువ. అన్నం కూడా లెక్కపెట్టి తింటున్నంత నిదానంగా తింటుంది.

"ఏం చేస్తున్నావక్కా?"

గింజలక్క ఉలిక్కిపడలేదు. సంచీ పూర్తిగా వంచి, అడుగున తట్టి, మడతపెట్టింది. "పడుకో అమ్మాయ్. ఇంకా తెల్లారలేదు."

"ఏం పోస్తున్నావని అడుగుతున్నా."

"కనబడుతూనే ఉందిగా. పప్పు."

"ఎన్నాళ్ళనుంచి?"

"నువ్వొచ్చిన మొదటి నెల ఆఖరి నుంచి."

గరిటమ్మ అక్కడే ఉన్న పీట మీద కూలబడింది. నాలుగు నెలల గొప్ప ఒక్క మాటతో నీరుకారిపోయింది. నోట్లోంచి వచ్చిన మాట మంచిది కాదు.

"దొంగతనమా?"

"ఛీ, నోరు కడుక్కో!" గింజలక్కకి కోపం రావడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. "పరీక్షకి కిలో వస్తుంది. మాకు కావాల్సింది గుప్పెడు. మిగతాది నెల రోజులు అలమరాలో ఉంచుతారు. ఎవరూ అడక్కపోతే పనివాళ్ళకి పంచేస్తారు. బుధవారం బుధవారం పంపకం. మా వాళ్ళందరూ ఇంటికి పట్టుకెళ్తారు, నేను ఈ ఇంటికి పట్టుకొచ్చాను. బియ్యం బుధవారం రాగానే పోసేస్తాను, దానికి చప్పుడు తక్కువ. పప్పుకి మీరందరూ నిద్రపోవాలి."

"పరీక్షలో తప్పిన గింజలు కూడానా?"

"అన్నీ పాసైనవే. నాకంటే మంచి మార్కులతో పాసయ్యాయి."

మామూలు రోజైతే గరిటమ్మ పడీపడీ నవ్వేది. ఇవాళ నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు, ఒళ్ళు మండింది.

"నన్ను పిచ్చిదాన్ని చేశావక్కా! నానబెట్టండి, నానబెడితే పెరుగుతుంది అని మీ ముందు నిలబడి నేను పాఠాలు చెబుతుంటే, ముద్ద నోట్లో పెట్టుకుని విన్నావు."

"విన్నాను. ఫిడేలు అయితే పుస్తకంలో రాసుకుంది కూడా."

"ఒక్కసారైనా చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? నువ్వంత సంబరంగా ఉంటే." గింజలక్క మడతపెట్టిన సంచీని మళ్ళీ విప్పింది, మళ్ళీ మడతపెట్టింది. "సరే, ఉన్నమాట చెబుతా విను. నువ్వు రాకముందు మూడేళ్ళు నేను ఇదే వంటింట్లో, ఇదిగో ఈ గట్టు దగ్గర నిలబడే తిన్నాను. కంచం కూడా తీసేదాన్ని కాదు, గిన్నెలోంచే. తినడం అయిపోయేది, కడగడం అయిపోయేది, ఎవరితోనూ ఒక్కమాట ఉండేది కాదు. ఒక్కోసారి నా గొంతు నాకే కొత్తగా వినబడేది. నువ్వొచ్చి అందర్నీ కింద కూచోబెట్టావు. ఫిడేలు సొద, నర్సమ్మ ఆసుపత్రి కబుర్లు, నీ పళ్ళ గోల... ఆ అరగంట కోసం రోజంతా గింజలు లెక్కపెట్టేదాన్ని."

కిటికీలో నీలం కాస్త పలచబడింది. కింద వీధిలో ఎవరో షట్టరు ఎత్తారు.

"మొదటి నెల ఆఖర్లో నువ్వు ఈ డబ్బాలోకి తొంగిచూసి నీలో నువ్వే అనుకున్నావు. 'ఇది కుదిరేలా లేదు, వచ్చేనెల నుంచి ఎవరి గిన్నె వాళ్ళదే' అని. నేను తలుపవతలే ఉన్నాను. ఆ అరగంట పోతుందేమోనని భయమేసింది అమ్మాయ్. నిజంగా భయమేసింది. మర్నాడు పోశాను. అంతే. నీకు దానం చేయలేదు, నాకు కావాల్సింది నేను కొనుక్కున్నాను."

గరిటమ్మ కోపం ఎటు వెళ్ళిందో తెలియదు. లేచి వెళ్ళి డబ్బాలో చేయి పెట్టింది. గింజలు చల్లగా మణికట్టు దాకా వచ్చాయి. ఎన్ని బుధవారాలు, ఎన్ని సంచులు! తను పోసే అచ్చు గట్టిపడేటప్పుడు పిసరంత పెరుగుతుందని ల్యాబులో చెప్పారు. పప్పు కూడా అలాగే పెరిగిందనుకుని ఎంత తేలిగ్గా నమ్మేసింది!

"మరి నిన్నటి పప్పు ఎందుకు ఉడకలేదు?"

"పోయిన వారం తెచ్చింది పాత ప్యాకెట్టు. కొత్తవి రావడం దాదాపు ఆగిపోయింది." గింజలక్క గొంతు తగ్గింది. "కేంద్రాన్ని ఇంకో ఊరికి మారుస్తున్నారు. అలమరాలు ఖాళీ చేస్తున్నారు, అడుగున పడి ఉన్నది తెచ్చాను. ఉడకదేమోనని అనుమానం వచ్చింది, అయినా పోశాను. ఇవాళ పోసింది మాత్రం కొత్తదే. ఆఖరిది. శనివారంతో నా పని సరి. వచ్చే నెలనుంచి పాత వంతులే వేసుకుందాం, ధరలు పెరిగాయని చెబుదువు. నీ పరువు నిలబడుతుంది."

"నా పరువు సంగతి వదిలెయ్ అక్కా." గరిటమ్మ చేయి ఇంకా డబ్బాలోనే ఉంది. "సగం చాలని మా అక్కకి రాశాను."

"ఏంటి సగం?"

"సగమే పంపమని. ఆ మాట నమ్ముకుని మా అక్క కోర్సుకి దరఖాస్తు పెట్టింది. ఫీజు ఇవాళే ఆఖరు."

ఇప్పుడు కూలబడటం గింజలక్క వంతు అయింది. పీట ఒక్కటే ఉంది కాబట్టి దాని మీదే కూర్చుంది.

"నాకు తెలియదమ్మాయ్. ఒట్టు. తెలిస్తే..."

"తెలిస్తే మానేసేదానివా?"

గింజలక్క ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు. "మానేసేదాన్ని కాదేమో. కానీ నీకు చెప్పేదాన్ని."

ఇద్దరూ గోడగడియారం వంక చూశారు. ఆరున్నర. ఫీజులు కట్టించుకునే కౌంటరు పదింటికి గానీ తెరవరు. మూడున్నర గంటలు చేతిలో ఉన్నాయి. ఒక్క ఫోను చేస్తే అక్క ఆగిపోతుంది. డబ్బు మిగులుతుంది, ఈ చెల్లెలి కడుపు నిండుతుంది, అక్క మళ్ళీ జిప్పుల దగ్గరికి వెళ్ళిపోతుంది. ఫోను చేయకపోతే అక్క చేతికి కత్తెర వస్తుంది. వచ్చే నెల ఆ సగం డబ్బు అయిపోయాక ఈమె ఏం తింటుందో ఎవరికీ తెలియదు.

"చెప్పకపోతే ఏమవుతుంది?" అంది గరిటమ్మ, తనలో తను. "ఒక పూట మానేస్తా. మధ్యాహ్నం కాలేజీలో టీ తాగుతా. అలా ఎంతమంది ఉండటం లేదు?"

"నేను చెప్పకుండా పోశాను. నువ్వు చెప్పకుండా పస్తుంటావు. ఏంటే తేడా?" గింజలక్క అన్నది మెల్లగానే గానీ సూటిగా తగిలింది. "ఆవిడ బతుకు గురించి ఆవిడకి తెలియకుండా నువ్వు నిర్ణయిస్తావా? ఉన్నమాట చెప్పు. కట్టాలో మానాలో ఆవిడే చూసుకుంటుంది."

గరిటమ్మ ఫోను తీసింది. అక్క నంబరు నొక్కింది. మోగుతోంది, మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్ళీ చేసింది. ఈసారి స్విచ్చాఫ్. కొట్టు యజమానురాలి ఇల్లు కొట్టు వెనకే కాబట్టి ఆవిడకి చేసింది. ఆవిడ ఆవలిస్తూ ఎత్తింది.

"మీ అక్కా? నిన్న సాయంత్రమే మానేసిందిగా తల్లీ! జీతం లెక్క చూసుకుని వెళ్ళిపోయింది. పదకొండేళ్ళ మనిషి, నాకు కళ్ళనీళ్ళు వచ్చాయనుకో. తన కుట్టుమిషను కూడా ఆటోలో వేయించుకుంది. నీకు చెప్పలేదూ?"

ఫోను పెట్టేశాక గరిటమ్మకి తెల్లగుడ్డ విప్పుకుంటూ పోయిన వీధి కళ్ళముందు కదిలింది. "మానేసిందట" అంది, కలలో మాట్లాడినట్టు. "మిషను పట్టుకుని మరీ వెళ్ళిందట. ఎక్కడికి వెళ్తుంది?"

గింజలక్క జవాబు చెప్పేలోగా వీధి గేటు కిర్రుమంది. మెట్ల మీద బరువైనదేదో ఒక్కొక్క మెట్టుకీ ఆగి ఆగి పైకి వస్తోంది. తలుపు కొట్టిన చప్పుడు, ఫిడేలు గదిలోంచి "వస్తున్నా, వస్తున్నా" అన్న కేక, గడియ తీసిన చప్పుడు.

"అయ్యబాబోయ్, మీరా! ముక్కు చూడగానే తెలిసిపోయింది. గరిటమ్మ అక్కగారే కదూ? రండి, రండి. మీ చెల్లెలు వంటింట్లోనే ఉంటుంది, ఇంకెక్కడుంటుంది! మా ఇంటి అక్షయపాత్ర అండీ బాబూ."

దుప్పటిలో చుట్టిన కుట్టుమిషను గుమ్మం పక్కన దించి, చీర కొంగుతో మెడ తుడుచుకుంటూ అక్క వంటింట్లోకి వచ్చింది. రాత్రంతా బస్సులో కూర్చున్న మనిషి మొహం అలసిపోయి ఉండాలి. ఈ మొహం అలా లేదు. పదకొండేళ్ళలో చెల్లెలు ఎప్పుడూ చూడనంత వెలుగు అందులో ఉంది.

"ఫోను చార్జింగు అయిపోయిందే, మోగుతూ మోగుతూ ఆరిపోయింది. ఏంటలా చూస్తావ్, దయ్యాన్ని చూసినట్టు? ఫీజు నిన్ననే ఫోనులో కట్టేశాను. అక్కడ కాదు, ఈ ఊరి కాలేజీలో. ఇక్కడ మాస్టర్లు మంచివాళ్ళట." చెల్లెలి చెంప మీద చిన్నగా కొట్టింది. "సగంతో నువ్వు హాయిగా బతుకుతున్నావు కదా, మిగతా సగంతో నేనూ ఇక్కడే బతుకుతాననుకున్నా. సాయంత్రాలు మిషను వేసుకుంటే అద్దెకి సరిపోతుంది. తిండికేముంది, మీ డబ్బా ఉందిగా!"

"అక్కా, నీకొక మాట చెప్పాలి."

"చెబుదువుగాని. ముందు ఏదే ఆ తరగని డబ్బా? నాలుగు నెలలుగా దాని కబుర్లే రాశావు, ఒకసారి దండం పెట్టుకోనీ."

చూపించక్కర్లేకపోయింది. మూత తీసే ఉంది. అక్క నవ్వుతూ డబ్బాలో చేయి ముంచి, అడుగునుంచి గుప్పెడు పప్పు పైకి తీసింది. పదకొండేళ్ళు ఎవరెవరి బట్టలో పట్టుకుని, ఏ ముక్క ఏ ముక్కకి అతికారో చీకట్లో కూడా చెప్పగలిగిన వేళ్ళవి. ఆ వేళ్ళ మధ్య గింజలు రెండుసార్లు అటూ ఇటూ దొర్లాయి. నవ్వు నెమ్మదిగా ఆగిపోయింది.

కిటికీ దగ్గరికి వెళ్ళి, అరచేయి వెలుగులో పెట్టి చూసింది. ఆ తర్వాత చెల్లెలి వంక చూసింది. పీట మీద తలవంచుకుని కూర్చున్న గింజలక్క వంకా, ఆమె ఒళ్ళో మడతపెట్టి ఉన్న ఖాళీ సంచీ వంకా చూసింది.

"ఇవన్నీ ఒక తానులో ముక్కలు కావే" అంది అక్క. "ఎవరు అతుకుతున్నారు, చెప్పు?"